ఆవగింజంత మాంసం

పదిహేడో నంబరు పిల్లి గోడకు గుద్దుకోవడం మొదట చూసినవాడు నూకరాజు.

విశాఖపట్నం శివార్లలోని ఆ పరిశోధనశాలలో పిల్లుల గదులు కడిగి, వాటికి తిండి పెట్టే మనిషి అతను. వయసు యాభై దాటింది. పన్నెండేళ్లుగా అదే పని. ఆ ఉదయం చీపురు ఎక్కడిదక్కడే వదిలేసి, మైక్రోస్కోపు ముందు కూర్చున్న డాక్టర్ సుభాషిణి దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

“మేడమ్‌గారూ, పదేడో దానికి ఏటో అయిపోనాదండి. బల్ల మీదకి గెంతబోయి గోడకి కొట్టీసుకుంది. రెండుసార్లు సూసేను.”

సుభాషిణి వెళ్లి పిల్లిని ఒళ్లోకి తీసుకుని కంట్లో టార్చి వేసింది. వెలుతురు పడగానే నల్లగుడ్డు సన్నటి గీతలా ముడుచుకోవాలి. ముడుచుకోలేదు. కంటి వెనక పొర మాత్రం ఉండాల్సినదానికన్నా ఎక్కువగా, అద్దం ముక్కలా మెరిసింది. ఆ మెరుపును ఆమె చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మగా చూసింది. మాంసం అందని పిల్లికి చూపు పోయేముందు అలా మెరుస్తుంది.

“దీని తిండిలో ఏమైనా మార్చావా, నూకరాజూ?”

“నానెందుకు మారుస్తానండి? అయే గుళికలు. ఆరేళ్లనుంచి అయే.”

ఆ గుళికలు సుభాషిణి కనిపెట్టినవే.

పిల్లి మాంసం లేకుండా బతకలేదు. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థాన్ని దాని ఒళ్లు తగినంత తయారు చేసుకోలేదు. అది అందకపోతే ముందు చూపు పోతుంది, తర్వాత గుండె పాడవుతుంది. సముద్రంలో వేట పడిపోయి, చేపపొడి మనుషులకే దొరకని సంవత్సరాల్లో సుభాషిణి ఒక దారి వెతికింది. పేగుల్లో కాపురముండే ఒక సూక్ష్మజీవికి టారిన్ తయారుచేసే విద్య నేర్పింది. మొక్కజొన్న, సోయా కలిపి చేసిన ఎండు గుళికలకు పైపూతగా ఆ జీవిని అద్దింది. పిల్లి గుళికలు తింటే చాలు, జీవి పేగుల్లో స్థిరపడి, కావలసింది అక్కడే వండి పెట్టేది.

దాంతోపాటు ఎవరూ అనుకోనిది ఇంకొకటి జరిగింది. ఆ గుళికలకు అలవాటుపడిన పిల్లులు వేట మానేశాయి. ఎలుక పక్కనుంచి పోతున్నా, పిచ్చుక ముందు వాలినా కదిలేవి కావు. జనం మురిసిపోయారు. కంపెనీ పొట్లం మీద ‘పిట్టను ముట్టని పిల్లి’ అని అచ్చువేసింది. ఎందుకు ముట్టడం లేదని ఎవరూ అడగలేదు. సుభాషిణి కూడా అడగలేదు.

నాలుగేళ్లలో రెండు లక్షల ఇళ్లకు ఆ పొట్లాలు చేరాయి.

సాయంత్రం ఇంటికి రాగానే ఆమె చెప్పులు కూడా విప్పకుండా జీలకర్ర కోసం వెతికింది. జీలకర్ర వాళ్ల పిల్లి. ఒళ్లంతా గోధుమరంగు చుక్కలు. భర్తతో విడిపోయి, ఆరేళ్ల కూతురు తన్మయిని తీసుకుని ఈ అపార్ట్‌మెంటుకు వచ్చిన వారంలోనే సుభాషిణి దాన్ని తెచ్చింది. పరిశోధనశాల బయట ఆ గుళికలు తిన్న మొదటి పిల్లి అదే. తన్మయికిప్పుడు పన్నెండేళ్లు.

“ఎందుకమ్మా దాని కళ్లలో టార్చి వేస్తున్నావు? ఏడుస్తుంది” అంది తన్మయి.

జీలకర్ర కళ్లు కొంచెమే మెరిశాయి. కానీ మెరిశాయి.

*

కారణం తేలడానికి మూడు వారాలు పట్టింది. టారిన్ తయారుచేయడం ఆ సూక్ష్మజీవికి బరువైన పని. పేగుల్లో తరాలు మారేకొద్దీ అది ఆ బరువును దించేసుకుంది. అంతటితో ఆగక, ఎక్కడ టారిన్ కనిపించినా తానే తినడం మరిగింది. టారిన్ మాత్రలు వేస్తే రక్తానికి చేరేలోపే తినేసేది. సూది వేస్తే నాలుగు గంటలు నిలిచేది. మందులు పెడితే పేగుల్లోని మంచి జీవులు చచ్చాయి కానీ అది చావలేదు. దానికి ఉన్న ఒకే ఆధారం ధాన్యం. ఎండు గుళికలు ఆపి, నీరున్న తిండి, పచ్చి మాంసం పెడితే ఆ జీవి పస్తుతో చస్తుంది. పిల్లి బతుకుతుంది.

నూకరాజు భార్య రేవులో చేపలు అమ్ముతుంది. ఆమె దగ్గర దొరికిన కాసిని కవ్వళ్ళు అనే చిన్న చేపలు, వాటితోపాటు కోడి గుండెకాయలు, కార్జం అతను తెచ్చాడు. వాటిని సన్నగా తరిగి, గోరువెచ్చటి నీళ్లు కలిపి నలభై పిల్లుల ముందు నలభై గిన్నెలు పెట్టారు.

ఒక్క పిల్లీ మూతి పెట్టలేదు. కోపంగా ముఖం తిప్పుకున్నదీ లేదు, అరిచిందీ లేదు. గిన్నెలో రాళ్లున్నట్టు దాని పక్కన కూర్చున్నాయి. తొమ్మిదో నంబరు మాత్రం లేచి వచ్చి, ముందరి కాలితో గచ్చును గీకసాగింది. తన పెంటను మట్టితో కప్పెట్టేటప్పుడు పిల్లి ఎలా గీకుతుందో, అలా.

నూకరాజు కాసేపు చూసి, తలపాగా తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

“ఇది తిండని ఈటికి తెల్డంనేదండి, మేడమ్‌గారూ” అన్నాడు.

వాటిచేత వేట మాన్పించింది కూడా ఆ జీవేనని సుభాషిణికి అప్పుడు తోచింది. సిరంజితో గొంతులో పోస్తే కక్కేశాయి. ఆకలేస్తే అవే తింటాయని ఐదు పిల్లులకు గుళికలు ఆపి చూశారు. తినలేదు. మామూలుగానే పిల్లి మూడు నాలుగు రోజులు పస్తుంటే, ఒంట్లో కొవ్వంతా కాలేయంలోకి వచ్చి పేరుకుంటుంది. ఐదింటికీ చెవుల లోపలివైపు పచ్చబడింది. పదిరోజుల్లో నాలుగు చచ్చిపోయాయి. గుళికలు పెడితే గుండె పోతుంది, ఆపితే కాలేయం పోతుంది.

చివరికి దారి చూపింది నూకరాజే. ఒక గుళికను తడిపి మెత్తగా చేసి, దాని మధ్యలో ఆవగింజంత కోడి గుండెకాయ ముక్క పెట్టి వేలితో ఉండ చేశాడు. పన్నెండో నంబరు అది మింగింది. కక్కలేదు. మర్నాడు రెండు ఆవగింజలంత. వారానికి కందిగింజంత. సుభాషిణి లెక్కకట్టి చూస్తే, గుళిక పూర్తిగా పోయి మాంసం మిగలడానికి ఎనభై రోజులు పట్టేలా ఉంది. మధ్యలో ఒక్కరోజు తొందరపడినా కక్కి, మళ్లీ మొదటికి వచ్చేవి.

ఎనభై రోజులు గుళికలు కావాలి. విషమని తెలిసి కూడా ఆ గుళికలే పెట్టాలి, రోజూ కొంచెం తగ్గిస్తూ.

*

కంపెనీ డైరెక్టరు భాస్కరవర్మ ఆమె చెప్పిందంతా అడ్డుతగలకుండా విన్నాడు.

“మూడు నెలలు ఆగండి, సుభాషిణి గారూ. ఊరూరా పశువుల డాక్టర్లకు ఈ పద్ధతి నేర్పిద్దాం. కొలతలతో పుస్తకం వేద్దాం. అప్పుడు చెబుదాం.”

“మొదటి సంవత్సరం కొన్నవాళ్ల పిల్లులకు మూడు నెలలు లేవండీ. మార్చడానికే ఎనభై రోజులు. ఇవాళ మొదలుపెడితే కొన్నిటికైనా చూపు దక్కుతుంది.”

“మీరు చెప్పేది రెండు మాటలు. గుళికలు ఆపాలి, వెంటనే ఆపకూడదు. జనం రెండూ వినరు. ఒకటే వింటారు.”

“దాచిపెడితే?”

వర్మ కిటికీలోంచి బయటికి చూశాడు. “దాచిపెట్టమనడంలేదు. ఆగమంటున్నాను. ఈ రెంటికీ తేడా ఉందని మీకు అనిపించకపోతే నేనేం చేయలేను.”

ఆమెకు అనిపించలేదు. మర్నాడు ఆదివారం ఉదయం, ఇంట్లో హాలులో కూర్చుని మాట్లాడింది. తన్మయి ఫోను పట్టుకుని వీడియో తీసింది. తొమ్మిది నిమిషాలు. తప్పు తనదేనని మొదటే చెప్పింది. తర్వాత జీలకర్రను ఒళ్లో పెట్టుకుని, గుళిక ఎలా తడపాలో, ముక్క ఎంత పెట్టాలో, రోజుకెంత పెంచాలో చేసి చూపించింది. “ఈ గుళికలు ఆపాల్సిందే. కానీ ఒక్కసారిగా ఆపితే పిల్లి చచ్చిపోతుంది” అని నాలుగుసార్లు అంది.

“బాగా చెప్పావమ్మా” అంది తన్మయి. “చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది.”

మధ్యాహ్నానికల్లా ఆ తొమ్మిది నిమిషాలను ఎవరో నలభై సెకన్లకు కత్తిరించారు. ‘తప్పు నాదే’ అన్నచోట మొదలై, ‘ఈ గుళికలు ఆపాల్సిందే’ అన్నచోట ముగిసింది. లక్షలమంది చూసింది ఆ నలభై సెకన్లే.

*

మూడోరోజుకు దుకాణాలవాళ్లు పొట్లాలను వీధిలో కుప్పపోసి తగలబెట్టారు. నాలుగోరోజు అధికారులు వచ్చి ఫ్యాక్టరీకి సీలు వేశారు. సుభాషిణి ఆఫీసుల చుట్టూ తిరిగి, పిల్లులు బతకాలంటే ఇంకా రెండున్నర నెలలు ఆ గుళికలే కావాలని చెప్పింది. విషమని మీరే చెప్పారు కదమ్మా, అన్నారు. ఒకాయన తన బల్ల మీద ఫోనులో ఆ నలభై సెకన్లూ ఆమెకే చూపించాడు.

వారం తిరగకుండా ఫోన్లు మొదలయ్యాయి. రాజమండ్రి నుంచి కామేశ్వరి గారని రిటైరైన లెక్కల టీచరు రోజూ చేసేది.

“మీరు చెప్పారనే ఆపేశానండి. నాలుగో రోజండి ఇవాళ్టికి. చేప పెట్టాను, కోడికూర పెట్టాను, పాలు పోశాను. గిన్నె దగ్గరికే రావట్లేదండి. ఏం చేయమంటారు?”

“గుళికలు ఏమైనా మిగిలాయా అండీ ఇంట్లో?”

“కాల్చేశామండి. వీధిలో అందరూ కాల్చేశారు.”

ఒక పొట్లం కొరియరులో పంపుతానంది సుభాషిణి. పంపింది కూడా. అది చేరడానికి నాలుగు రోజులు పట్టింది. తొమ్మిదో రోజున కామేశ్వరి గారు మళ్లీ ఫోను చేసింది. గొంతులో కోపం లేదు.

“పోయిందండి పొద్దున్న. మీ పొట్లం నిన్న వచ్చింది, కానీ అప్పటికే మింగలేకపోయింది. చెవులు పసుపు రాసినట్టు అయిపోయాయండి. మీ వీడియో చివరిదాకా ఇవాళే చూశానండి.”

సుభాషిణి ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడింది. అవతల కామేశ్వరి గారు కూడా పెట్టేయలేదు.

పరిశోధనశాల గోదాములో గుళికల బస్తాలు కొన్ని ఉన్నాయని ఎలా తెలిసిందో, గేటు ముందు వరుస కట్టారు. ప్లాస్టిక్ బుట్టల్లో, దిండు గలీబుల్లో, చీర కొంగుల్లో పిల్లులు. కొన్ని పిల్లులకు అప్పటికే తల నిలబడడంలేదు. ఒక ముసలాయన ఖాళీ బుట్టతోనే వచ్చాడు. పిల్లిని ఇంట్లో వదిలి వచ్చానన్నాడు కానీ, అతని వాలకం చూస్తే అది లేదని తెలుస్తోంది.

ఉన్న బస్తాలు లోపలి ముప్ఫైఆరు పిల్లులకు ఎనభై రోజులు సరిగ్గా సరిపోతాయి. సుభాషిణి గేటు తెరవమంది.

నూకరాజు తాళంచెవి ఇవ్వలేదు.

“మరి మనయి?” అన్నాడు.

“బయట ఇంతమంది ఉన్నారు, నూకరాజూ.”

“ఆలకి మనుసులున్నారండి, గేటు కాడికి వచ్చి ఏడుత్తన్నారు. ఈటికి ఎవులున్నారు? నంబర్లే గాని పేర్లు కూడా నేవు. పన్నెండేళ్లబట్టి సాకుతున్నాను మేడమ్‌గారూ. ఆ మాయదారి గుళికలు నా సేత్తోనే పెట్టేను. ఇప్పుడు నా సేత్తోనే తీసేమంటారా?”

ఆమె చెయ్యి చాపింది. అతను తాళంచెవిని ఆమె చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు వచ్చి, అప్పటికే మాంసానికి సగం దారి పట్టిన ఆరు పిల్లులను రెండు బుట్టల్లో వేసుకుని, వాటికి సరిపడే గుళికలు మూటగట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఎవరినీ అడగలేదు. ఎవరూ ఆపలేదు. ఆ తర్వాత అతను పనికి రాలేదు.

బస్తాలు మూడు రోజుల్లో అయిపోయాయి. అందరికీ కొంచెం కొంచెం అందింది. ఎవరికీ ఎనభై రోజులకు సరిపడా అందలేదు. లోపల మిగిలిన ముప్ఫై పిల్లులకు సుభాషిణి ఒక్కతే పొద్దున్నా సాయంత్రం సిరంజితో పోసింది. అవి కక్కేవి, తుడిచి మళ్లీ పోసేది. రెండు వారాల తర్వాత ఆ పని కూడా లేకపోయింది. ఖాళీ గదులకు తాళం వేసి, పరిశోధనశాలను మూసేశారు.

*

ఇంట్లో జీలకర్రకు నలభైరెండో రోజు. సగం గుళిక, సగం మాంసం. చూపు చాలావరకు పోయింది కానీ గోడవారనే మీసాలు ఆనించుకుంటూ నడవడం నేర్చుకుంది. మిగతా రోజులకు కావలసిన గుళికలు వంటింట్లో ఒక స్టీలు డబ్బాలో ఉన్నాయి. ఆ ఒక్క డబ్బానూ సుభాషిణి గేటు దగ్గర ఎవరికీ ఇవ్వలేదు.

ఆ ఉదయం డబ్బా మూత తీస్తే అడుగున పొడి తప్ప ఏమీ లేదు.

“తన్మయీ!”

తన్మయి బడికి జడ వేసుకుంటూ వచ్చింది. డబ్బాను చూసి, వేసుకుంటున్న జడ వదిలేసింది.

“లాస్యకిచ్చానమ్మా. మూడో అంతస్తు లాస్య. గేటు దగ్గర ఇచ్చినవి అయిపోయాక వాళ్ల లడ్డూ ఆరు రోజులనుంచి ఏమీ తినలేదు.”

“అన్నీనా?”

“సగం ఇద్దామనుకున్నాను. వాళ్ల పిన్ని వాళ్ల పిల్లి కూడా ఉందంటే...” తన్మయి ఏడవలేదు. నేల చూస్తూ చెప్పింది. “వీడియో తీసింది నేనే కదమ్మా. లాస్యకు మొదట పంపింది కూడా నేనే.”

గేటు తెరిచి బస్తాలు పంచిన మనిషి, డబ్బా తెరిచి గుళికలు పంచిన పిల్లను ఏమని అంటుంది? సుభాషిణి డబ్బా కడిగి బోర్లించింది.

లాస్య వాళ్ల లడ్డూ మరో మూడు రోజులే బతికింది. దానికి గుళికలు మింగే ఓపిక అప్పటికే లేదు. పిన్నిగారి పిల్లి అంతకుముందే పోయింది. ఇచ్చిన గుళికల్లో మిగిలినవేమైనా ఉంటే తిరిగి తెస్తానని తన్మయి వెళ్లింది కానీ, లాస్య తలుపు తీసి ఏడుస్తుంటే అడగలేక వచ్చేసింది.

జీలకర్రకు ఇక నడుమ మెట్లు లేవు. ఒక్కసారిగా పచ్చి మాంసంలోకి దూకాలి. మొదటిరోజు తన్మయి తన వేలికి గుండెకాయ గుజ్జు రాసుకుని దాని నాలుకకు అందించింది. కక్కింది. గుజ్జులో నీళ్లు ఎక్కువ కలిపి చుక్కలు చుక్కలుగా పోశారు. అదీ నిలవలేదు. రెండోరోజు పిల్లి బీరువా కిందికి దూరి బయటికి రాలేదు. తన్మయి బడి మానేసి బీరువా పక్కన చాప వేసుకుని పడుకుంది.

నాలుగోరోజు ఉదయం సుభాషిణి సింకు దగ్గర నిలబడి కోడి గుండెకాయలు కడుగుతోంది. పెట్టి చూద్దామనే ఆశ కూడా పెద్దగా లేదు. అలవాటుగా తెచ్చింది, అలవాటుగా కడుగుతోంది. వెనకనుంచి బొంగురుగా ఒక అరుపు వినిపించింది. తిరిగి చూస్తే జీలకర్ర. గోడ పట్టుకుని, ముక్కు పైకెత్తి, వాసన ఎటునుంచి వస్తోందో వెతుకుతూ వస్తోంది. ఆమె కాళ్లదాకా వచ్చి, చీర కుచ్చిళ్లమీద ముందరి కాళ్లు వేసి మళ్లీ అరిచింది.

సుభాషిణి చేతిలో ఉన్నది అలాగే కింద పెట్టింది. తరగలేదు, నూరలేదు. పిల్లి దాన్ని తలతో ఒకసారి తడిమి, పక్కపళ్లతో పట్టుకుని, మెడ విదిలించి తింది. ఇంకోటి పెట్టింది. అదీ తింది. తన్మయి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

“అమ్మా, అదే అడిగింది! అదే అడిగిందమ్మా!”

ఇద్దరూ వంటింటి గచ్చుమీద కూర్చుని, నెలన్నర తర్వాత మొదటిసారి నవ్వారు. ఆ రోజు కక్కలేదు. మర్నాడూ కక్కలేదు. పేగుల్లో ఆ జీవి ఎలా చచ్చిందో, ఎందుకు ఈ ఒక్కదానిలోనే అంత తొందరగా చచ్చిందో సుభాషిణికి అంతు పట్టలేదు. పరీక్షించి చూడడానికి పరిశోధనశాల లేదు.

వారం తర్వాత పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లి గుండెకు స్కానింగు తీయించింది. తెరమీద గుండె వదులుగా, సాగిపోయి, గోడలు కాగితంలా పలచబడి కొట్టుకుంటోంది. చుట్టూ నీరు చేరింది. డాక్టరు తెరను ఆమెవైపు తిప్పాడు.

బయట చెట్టు కింద బల్లమీద తన్మయి బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ఇంక బతికినట్టేనా, అమ్మా?”

అవునని చెప్పడం ఎంత తేలికో సుభాషిణికి తెలిసింది. పక్కన కూర్చుంది.

“లేదురా. మాంసం ఇప్పుడు దాని ఒంటికి పడుతోంది. కానీ గుండె అప్పటికే పాడైపోయింది. అది మళ్లీ బాగుపడదు. నీరు తగ్గడానికి మందిస్తారు. రెండు వారాలు, మహా అయితే మూడు. చివర్లో ఆయాసం వస్తుంది. అప్పుడు బాధ లేకుండా పోవడానికి సూది వేయాలి. అది నేనే చేస్తాను.”

తన్మయి మొత్తం విన్నది. బుట్టలోకి వేలు పెట్టి పిల్లి నుదురు రాసింది.

“నేను గుళికలు ఇచ్చేయకుండా ఉంటే?”

“అయినా ఇంతే, తల్లీ. నలభైరెండో రోజుకే గుండె పోయి ఉంటుంది.”

అది నిజమో కాదో సుభాషిణికి తెలియదు. ఆ రోజు ఆమె కచ్చితంగా తెలియకుండా చెప్పిన మాట అదొక్కటే.

జీలకర్ర ఇంకా పంతొమ్మిది రోజులు బతికింది. చివరి రోజు తప్ప రోజూ తిన్నది. నూకరాజు భార్య రెండుసార్లు కవ్వళ్ళు పంపింది. అతని దగ్గరున్న ఆరింటిలో మూడు మిగిలాయని, మూడింటికీ చూపు లేదని ఆమె చెప్పింది. అతను మాత్రం రాలేదు.

సూది వేసిన ఉదయం, సుభాషిణి పిల్లిని పాత చీరలో చుట్టి, అపార్ట్‌మెంటు వెనక గుంట తవ్వే మనిషి కోసం కిందికి వెళ్లింది. ఇంట్లో ఫోను మోగింది. ఆగి, మళ్లీ మోగింది. మూడోసారి తన్మయి ఎత్తింది. అవతల ఎవరో ఆడమనిషి కంగారుగా, ఏడుస్తూ, డాక్టరుగారున్నారా అని అడిగింది.

“అమ్మ కిందికెళ్లిందండి” అంది తన్మయి. “మా పిల్లి ఇప్పుడే పోయింది. మీది చెప్పండి, నేను వింటాను.”